సగటున నష్టం లేదట! మరి మా వాడ పిల్లలు ఏ లెక్కలో ఉన్నట్టు?

మొన్నటి ఎండాకాలం సంగతి. కొత్తకోట పక్కన ఒక పల్లెలో, మాదిగవాడ వేపచెట్టు కింద, నలుగురు పట్నం పిల్లలు కూర్చున్నారు. చేతుల్లో పలకలంత ఫోన్లు. పేరున్న ఒక పెద్ద చదువుల సంస్థ పంపితే వచ్చామన్నారు. ఆ పేరు ఇక్కడ రాయం. ఇది ఒక్క సంస్థకున్న జబ్బు కాదు. వచ్చిన పిల్లలు మంచోళ్ళే. వాడలో నీళ్ళు అడిగి తాగిండ్రు. అవ్వా, తాతా అని పిలిచిండ్రు. వాళ్ళ మీద మాకు కోపం లేదు. వాళ్ళ చేతికి ఇచ్చిన ఫారం మీదనే మా కోపం.

ఒక ముసలవ్వను అడిగారు: “వాతావరణ మార్పు వల్ల మీ ఇంట్లోని పిల్లల విద్యపై ప్రభావం పడిందా?”

అవ్వ మా దిక్కు చూసింది. “ఏమంటుండ్రు సారూ?”

విడమరిచి చెప్పాము. అవ్వ నవ్వింది. “వాన ఎగ్గొట్టిందా అని అడుగుతుండ్రా? గట్లనే అడగరాదు మరి! వాన లేని యేడు మేస్త్రి కాడ పైసలు తెచ్చుకుంటిమి. కొడుకు, కోడలు పూనా పోయిరి. చంటిదాన్ని ఎవరు చూడాలె? పెద్దదాన్ని ఎంట తీస్కపోయిరి. ఏడో తరగతి గాడనే ఆగింది. మళ్ళ వచ్చేటాలకు ఈడుపిల్లలందరు ముందుకు పోయిరి. సిగ్గుపడె. బడికి పోనంటె.”

ఫారంలో చదువు మానడానికి కారణాలు అచ్చేసి ఉన్నాయి. ఆసక్తి లేదు, బడి దూరం, ఇంటి పని, అనారోగ్యం, ఇతరములు. మేస్త్రి అప్పుకు గడి లేదు. కులానికి గడి ఉంది. మొదటి పేజీలోనే ఎస్సీ అని నొక్కి ముందుకు పోయిండ్రు. మళ్ళీ ఆ మాట ఎత్తింది లేదు. మరి వాతావరణం ప్రశ్నకు అవ్వ పేరున ఏం నొక్కారో తెలుసా? “తెలియదు” అని!

డెబ్బై యేండ్లు కరువును నెత్తిన మోసిన మనిషికి కరువు గురించి తెలియదట!

సోదరులారా, సోదరీమణులారా! ఈ ఒక్క గడి గురించే మేమీ నాలుగు మాటలు రాస్తున్నాము.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. మేము పరిశోధనకు విరోధులం కాము. బాబాసాహెబ్ పరిశోధకుడు. 1913లో కొలంబియా పోయిండు. 1916లో అక్కడనే కులం ఎట్ల పుట్టింది, ఎట్ల పాకింది అని వ్యాసం చదివిండు. 1918లో చిన్న కమతాల మీద రాసిండు. కమతాలను కలిపేస్తే వ్యవసాయం బాగుపడుతుందని పండితులు అంటుంటే, భూమి మీద పని దొరకక పడి ఉన్న మనుషులకు వేరే పని ఏది, పెట్టుబడి ఏది అని నిలదీసిండు. లెక్కలు చదివినవాడే లెక్కల్లో మోసాన్ని పట్టగలడు. అందుకే మేము లెక్కలు వద్దనం. లెక్క ఎవరు కడుతున్నారు, ఎవరి కోసం కడుతున్నారు అని అడుగుతాం.

మన పాలమూరుకు పరిశోధకులు కొత్త కాదు. 1972లో పటాన్‌చెరువులో మెట్ట పంటల పరిశోధన కోసం ఇక్రిశాట్ పెట్టారు. 1975లో ఆ సంస్థ మెట్ట ప్రాంతాల్లో ఆరు పల్లెలు ఎంచుకుని ఇంటింటి జమాఖర్చు రాయడం మొదలుపెట్టింది. ఆరింట్లో రెండు మన జిల్లావే. ఒకటి ఆరేపల్లె. రెండోది డోకూరు. డోకూరంటే ఎక్కడో లేదు, మన పక్కన దేవరకద్ర దిక్కే. ఎవరికి ఎంత భూమి, ఎంత అప్పు, ఏ పంట పండింది, ఎవరు ఎన్ని రోజులు కూలికి పోయారు, అన్నీ రాశారు. ఆ లెక్కలు ప్రపంచంలో ఎన్నో విశ్వవిద్యాలయాలకు పోయాయి. వాటి మీద పుస్తకాలు అచ్చయ్యాయి, డాక్టరేట్లు వచ్చాయి. కరువు అంటే ఏమిటో ప్రపంచం కొంత మన పల్లెల నుంచే నేర్చుకుంది. అది మంచి పనే.

అయితే 1997లో ఒక వ్యాసం వచ్చింది. హనన్ జాకోబీ, ఇమాన్యుయెల్ స్కూఫియాస్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఈ ఇక్రిశాట్ లెక్కలనే పట్టుకుని, కష్టకాలం వస్తే పల్లె పిల్లల బడి ఏమవుతుందో చూశారు. చెప్పింది ఇది: ఇంటి రాబడి పడిపోయిన కాలంలో పిల్లల బడి హాజరు కూడా పడిపోతుంది. అప్పిచ్చే బ్యాంకు లేని, బీమా లేని కుటుంబానికి పిల్లల బడిని ఆపడమే సొంత బీమా. ఇంతవరకు నిజం. మనం రోజూ చూస్తున్న నిజం. కాని చివర ఒక మాట తగిలించారు. ఇట్ల బడి ఆగడం వల్ల సగటున చదువుకు పెద్ద నష్టం ఏమీ లేదన్నారు.

సగటున!

వాళ్ళు అబద్ధం రాశారని మేము అనటం లేదు. సగటు తీస్తే అట్లనే వచ్చి ఉంటుంది. కాని సగటు అంటే ఏమిటో మేము ఐదో తరగతి పిల్లలకు చెప్పేటోళ్ళం. ఊరికే ఒక లెక్క వేద్దాం. తరగతిలో పదిమంది. ఎనిమిది మంది ఏడాదికి 200 రోజులు బడికి వచ్చారు. ఇద్దరు 40 రోజులే వచ్చారు. సగటు ఎంత? 168 రోజులు. చూడటానికి ఫరవాలేదనిపించే అంకె. కాని 168 రోజులు వచ్చిన పిల్ల ఆ గదిలో ఒక్కరు కూడా లేరు! సగటు అనే పిల్లకు పేరు లేదు, ఇల్లు లేదు, కులం లేదు. ఆ 40 రోజుల పిల్లలకు మాత్రం పేరుంది. వాళ్ళు ఏ వాడ నుంచి వస్తారో హాజరు పట్టీ తీస్తే తెలుస్తుంది.

ఆ ఎనిమిది మంది హాజరు ఈ ఇద్దరి నష్టాన్ని కప్పిపెడుతుంది. ఇదే సగటు చేసే పని. ఊరి సగటులో వాడ మాయమవుతుంది. జిల్లా సగటులో పల్లె మాయమవుతుంది. దేశం సగటులో పాలమూరే మాయమవుతుంది.

ఇప్పుడు ఎండ లెక్క, వాన లెక్క ప్రపంచమంతటా తీస్తున్నారు. 2024లో ఎండలు, వరదలు, తుపానుల వల్ల 85 దేశాల్లో కనీసం 24 కోట్ల 20 లక్షల మంది విద్యార్థుల చదువుకు అడ్డం వచ్చిందని 2025 జనవరిలో యూనిసెఫ్ చెప్పింది. అందులో మన దేశపు పిల్లలు ఐదు కోట్లకు పైనే. అంత పెద్ద అంకె వింటే గుండె గుభేలుమంటుంది. కాని ఆ ఐదు కోట్లలో బడి మళ్ళీ తెరిచినప్పుడు తిరిగి వచ్చినోళ్ళు ఎవరు? రానోళ్ళు ఎవరు? ఎండ అందరి మీద ఒక్కతీరే కాస్తుందంటారు. కాస్తుంది. కాని గొడుగు కింద నిలబడ్డోడు వేరు, తట్ట కింద నిలబడ్డోడు వేరు. ఎండలో బయట పనిచేసే గంటలు కులాన్ని బట్టి మారుతున్నాయని 2025లో బెంగుళూరు ఐఐఎం వాళ్ళు ఉన్న ఒక పరిశోధన ‘డెమోగ్రఫీ’ అనే పత్రికలో వచ్చింది. మనం తరతరాలుగా ఒంటి మీద మోస్తున్న సంగతి అచ్చులోకి రావడానికి 2025 దాకా పట్టింది!

కరువు బడిని ఎట్ల మింగుతుందో ఒక్కసారి వరుసగా చెప్పుకుందాం. వాన తప్పుతుంది. పల్లికాయ పోతుంది, ఆముదాలు పోతాయి, కంది ఎండుతుంది. బోరు ఉన్న ఆసామి ఒక మడి అయినా తడుపుకుంటాడు. మనకున్నది చెల్కనో, అదీ లేదో! ఊర్లో కూలి బందు అవుతుంది. గుంపు మేస్త్రి దిగుతాడు. అడ్వాన్సు చేతిలో పెడతాడు. దసరా పండుగ కాగానే లారీ ఎక్కుడే. నాగార్జునసాగర్ కాడి నుంచి ఎన్ని కట్టలు కట్టిండ్రో పాలమూరు కూలీలు! ఎన్ని పట్నాల్లో మేడలు లేపిండ్రో! కట్టినోళ్ళ బిడ్డలు మాత్రం గుడారాల కాడ తమ్ముండ్లను ఎత్తుకుని ఉన్నారు. దసరా సెలవులు అయినంక బడి తెరిస్తే మాకు కనిపించేది ఖాళీ బెంచీలు. గద్వాల దిక్కు పోతే సీడు పత్తి. పువ్వుకు పువ్వు అద్దే క్రాసింగ్ పనికి చిన్న వేళ్ళు కావాలని ఆడపిల్లలను దింపిండ్రు. ఆ పని నడిచేది సరిగ్గా బడి నడిచే నెలల్లోనే. దాని మీదా నివేదికల మీద నివేదికలు వచ్చాయి.

చూడండి, ఈ వరుసలో వాన తప్పడం ఒక్కటే ఆకాశం చేసింది. తక్కినదంతా భూమి మీద మనుషులు చేసిందే. భూమి లేకుండా చేసింది మనిషి. అప్పు పెట్టింది మనిషి. కూలి తెగ్గోసింది మనిషి. మరి ఫారంలో వాతావరణానికి అన్ని ప్రశ్నలు, ఈ మనుషులకు ఒక్క ప్రశ్న లేదెందుకు?

“ఇప్పుడు నీళ్ళొచ్చాయి గదా, ఇంకా వలసల పాట ఎందుకు?” అని కొందరు అడుగుతున్నారు. నీళ్ళొచ్చిన మాట నిజమే. భీమా ఎత్తిపోతలు వచ్చింది. మన కొత్తకోట మండలంలోనే కానాయపల్లి కాడ శంకరసముద్రం జలాశయం వచ్చింది. వరి పెరిగింది. కొన్ని ఊర్లలో వలస తగ్గింది. మేము కాదనం. కాని కాలువ నీళ్ళు భూమి ఉన్నోని పొలంలోకి పోతాయి. భూమి లేనోని గుడిసెలోకి పోవు. పైగా కోత మిషన్లు వచ్చి, వరి పెరిగిన చోట కూడా కూలి దినాలు తగ్గినయి. ఇంక వాన తీరే మారింది. రాని యేడు రాదు. వచ్చిన యేడు ఒక్కసారే కుమ్మరిస్తుంది. 2009 అక్టోబరులో అలంపూరు, కర్నూలు మునిగిపోయిన సంగతి మరిచిపోయామా? మన పక్కనున్న సరళాసాగర్, సైఫన్లు వాటంతట అవే తెరుచుకుంటాయని గొప్పగా చెప్పుకునే కట్ట, 2019 డిసెంబరు 31న తెగిపోయింది. ఎండినా నిండినా ముందు ఉలిక్కిపడేది పల్లంలో ఉన్న వాడలే.

మరి దీనికి మందు లేదా? ఉంది. ఆ మందు చెప్పింది కూడా పరిశోధనే. అందుకే పరిశోధన వద్దనం అన్నాము. 2020లో తీవ్రత్ గర్గ్, మౌలిక్ జగ్నానీ, విస్ తారజ్ అనే ముగ్గురు మన దేశపు పిల్లల పరీక్ష మార్కులను, ఎండ లెక్కలను పక్కపక్కన పెట్టి చూశారు. ఎండలు పెరిగిన యేడు పిల్లలకు లెక్కల్లో, చదవడంలో మార్కులు తగ్గాయి. ఎందుకు? గదిలో ఉక్కపోత ఒక్కటే కాదు. పంట కాలంలో ఎండ పెరిగితే పంట తగ్గుతుంది, పంట తగ్గితే ఇంట్లో రాబడి తగ్గుతుంది, పిల్ల చదువు దెబ్బతింటుంది. వాళ్ళు ఇంకో మాట చెప్పారు. దాన్ని ప్రతి కార్యకర్తా బట్టీ పట్టాలి. ఉపాధి హామీ పని వచ్చిన చోట ఆ దెబ్బ చాలా మట్టుకు తగ్గింది!

అర్థమైందా? ఎండాకాలం పిల్ల లెక్కల మార్కును కాపాడింది వ్యాసరచన పోటీ కాదు. తల్లి చేతిలో పడిన కూలి.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకాన్ని మొదలుపెట్టినప్పుడు, మొదటి విడత జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఉంది. ఊరికే ఇవ్వలేదు. కరువులు చూసి, ఆకలి చూసి, దేశమంతా అడిగి తెచ్చుకున్నది. 2025 డిసెంబరులో ఆ చట్టాన్ని తీసేసి దాని జాగాలో ఇంకో చట్టం తెచ్చారు. 125 రోజులు అన్నారు. బాగానే ఉంది. కాని ఖర్చులో నలభై వంతులు రాష్ట్రాల మీదకు నెట్టారు. నాట్లు, కోతల కాలంలో అరవై రోజుల దాకా పని ఆపొచ్చన్నారు. ఎవరి కోసం ఆపుతారు? ఆసామికి కూలీలు అగ్గువకు దొరకాలని కాకపోతే! వాన తప్పిన యేడు నాట్లే ఉండవు. నాట్లు లేవు, ప్రభుత్వ పని లేదు. ఇంక మిగిలింది మేస్త్రి అడ్వాన్సే. వాతావరణం గురించి మాట్లాడే పెద్దమనుషులారా, ఈ అరవై రోజుల గురించి మాట్లాడండి. పిల్లల చదువు అక్కడ ఉంది.

బడిలో మాత్రం ఏం చేస్తున్నాం? మేమూ అందులో ఉన్నోళ్ళమే కనుక మా తప్పూ చెప్పుకుంటాము. పర్యావరణాన్ని బడుల్లో తప్పనిసరి పాఠం చేయాలని 1991లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటి నుంచి మేము చెప్తూనే ఉన్నాం. చెట్లు నాటండి, నీళ్ళు పొదుపు చేయండి, పళ్ళు తోముకునేటప్పుడు నల్లా కట్టేయండి అని. బిందె పట్టుకుని నిలబడి వచ్చిన పిల్లకు నీళ్ళ పొదుపు నేర్పుతున్నాం! నీళ్ళ పాఠం అంటే మాకు వేరే ఉంది. 1927లో మహద్ చెరువు నీళ్ళు బాబాసాహెబ్ తాగిన పాఠం ఉంది. 1985లో కారంచేడులో మాదిగలు తాగే చెరువును ఖరాబు చేయొద్దన్నందుకు కత్తులు దూసిన పాఠం ఉంది. నీళ్ళకు కులం ఉన్న దేశంలో కులం లేని పర్యావరణ పాఠం సగం పాఠమే. ఆ సగం కూడా ఉండనిస్తలేరు. సహజ వనరుల పాఠాన్ని, శక్తి వనరుల పాఠాన్ని, ప్రజా పోరాటాల పాఠాన్ని పదో తరగతి పుస్తకాల నుంచి తీసేశారు ఢిల్లీ ఎన్సీఈఆర్టీ వాళ్ళు. మన రాష్ట్రం పుస్తకాలు వేరు కావచ్చు. గాలి ఎటు వీస్తుందో మాత్రం తెలుస్తూనే ఉంది.

ఎండ ముదిరితే ఒంటిపూట బడి పెడతాం. పెట్టాల్సిందే. కాని మధ్యాహ్నం బడి వదిలితే రేకుల ఇంటికి పోయే పిల్లకు ఆ ఇల్లు బడికన్నా వేడి. ఎండ నుంచి కాపాడటమంటే బడి మూయడం ఒక్కటేనా? బడినే చల్లగా ఉంచడం ఎవరికీ తోచదెందుకు?

ఇంక ఒక మాట. మా పిల్లలే పరిశోధకులు కావాలంటే? పోయిండ్రు. మొదటి తరం డిగ్రీలు పట్టుకుని, ఫెలోషిప్పుల మీద బతుకుతూ పెద్ద విశ్వవిద్యాలయాల దాకా పోయిండ్రు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల పరిశోధక విద్యార్థి. తోటి నలుగురితో పాటు హాస్టల్ నుంచి వెలివేసిండ్రు. 2016 జనవరి 17న ఆ పిల్లగాడు మనకు లేకుండా పోయిండు. సైన్సు గురించి రాయాలని కలగన్న బిడ్డ! మన గురించి రాసే రాతలో మన చెయ్యి లేకపోవడం యాదృచ్ఛికం కాదు.

అందుకే ఇక మీద ఫారం పట్టుకుని వాడకు వచ్చేవారిని మర్యాదగా కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, ఈ ఐదు మాటలు అడుగుదాం:

1. ప్రశ్నలు మేము మాట్లాడే తెలుగులో ఉన్నాయా?

2. జవాబు చెప్పడానికి కూలి వదులుకుని కూర్చున్న మనిషికి ఆ పూట కూలి ఇస్తారా?

3. లెక్క తేలినంక సగటు ఒక్కటే కాకుండా, కులం వారీగా, భూమి వారీగా, ఆడపిల్ల మగపిల్ల వారీగా విడదీసి చెప్తారా?

4. అచ్చయినంక మళ్ళీ వచ్చి, అంబేద్కర్ విగ్రహం కాడ అందరికీ తెలుగులో చదివి వినిపిస్తారా?

5. మా చదువుకున్న పిల్లలను ఇల్లిల్లు తిప్పే కూలీలుగానే పెట్టుకుంటారా, రాసేవాళ్ళ వరుసలో పేరు కూడా వేస్తారా?

ఐదింటికీ సరేనంటే ఇల్లిల్లు మనమే తిప్పి చూపిద్దాం. కాదంటే చాయ్ తాపి పంపిద్దాం.

ప్రభుత్వాన్ని అడగాల్సింది వేరే ఉంది. మండలాన్ని కరువు మండలంగా ప్రకటించిన రోజే, మేస్త్రి అడ్వాన్సు దిగకముందే, వలస పోయేవారి పిల్లలకు సీజనల్ హాస్టల్ తెరవాలి. పిల్లలు పోయిన మూడు నెలలకు తెరిచే హాస్టల్ ఎవరికి? తల్లిదండ్రులతో పోయిన పిల్లను పోయిన చోట బడిలో చేర్చుకోవాలి. 2009 విద్యాహక్కు చట్టం ఒక బడి నుంచి ఇంకో బడికి మారే హక్కు ఇచ్చింది. బడికి చల్లటి కప్పు, తాగే నీళ్ళు, ఫ్యాను ఉండాలి. వాన తప్పిన చోట ఆ అరవై రోజుల విరామం పెట్టనే వద్దు.

చివరికి మనం. మనోళ్ళం కూడా మీటింగు పెడితే విగ్రహం గురించి మాట్లాడతాం, సీట్ల గురించి మాట్లాడతాం. హాజరు పట్టీ గురించి ఎన్నిసార్లు మాట్లాడాం? ఈ దసరాకు ముందే ప్రతి వాడలో ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు పెడదాం. పది చదివిన ఒక ఆడపిల్ల చేతికి ఇద్దాం. వాన ఏ రోజు పడింది, ఏ రోజు ఎగ్గొట్టింది, ఏ ఇల్లు లారీ ఎక్కింది, ఎంత అడ్వాన్సు, ఏ ఊరు, ఏ పిల్ల ఏ తరగతిలో ఆగింది, ఎప్పుడు తిరిగి వచ్చింది, మళ్ళీ బడికి పోయిందా లేదా. ఇంతే. దీనికి డాక్టరేటు అక్కర లేదు. ఒక్క యేడు రాస్తే మండలాఫీసులో బల్ల మీద పెట్టి మాట్లాడొచ్చు. ఐదేండ్లు రాస్తే ఏ విశ్వవిద్యాలయమైనా మన కాడికి వచ్చి అడగాల్సిందే. కొత్తకోట చుట్టుపక్కల వాడలతో మేము మొదలుపెడుతున్నాం. మొదటి పేజీలో ఆ అవ్వ చెప్పిన మాటలు, ఆమె చెప్పినవి చెప్పినట్టే రాస్తాం.

ఆమెకు తెలుసు. తెలియనిది ఆ ఫారం రాసినోళ్ళకు.

జై భీం!